11 వేల మెయిళ్ల కింద పడిపోయిన ఆర్డర్

ప్రశ్న: ఇంటి దగ్గరే కర్టెన్లు, సోఫా కవర్లు కుట్టించి ఆర్డర్ మీద పంపుతుంటాను. నాతో పాటు ఇద్దరు పనిచేస్తారు. మొదట్లో కస్టమర్లంతా తెలిసినవాళ్లే కాబట్టి నా సొంత మెయిల్ ఐడీనే ఇచ్చాను. ఇప్పుడు అందులో చదవని మెయిళ్లే 11 వేలు దాటాయి. ఒకావిడ కొలతలు పంపిన మెయిల్ మూడు వారాల తర్వాత కనబడింది. అప్పటికే ఆమె వేరేచోట చేయించుకున్నారు. కొత్త డిజైన్ల ఫొటోలు 60 మందికి ఒకేసారి పంపితే, 'నా మెయిల్ ఐడీ అందరికీ ఎందుకు చూపించారు?' అని ఒక కస్టమర్ కోప్పడ్డారు. అన్నీ డిలీట్ చేసి కొత్తగా మొదలుపెట్టమంటాడు మా తమ్ముడు. సొంత డొమైన్ కొందామంటారు మావారు. రోజంతా ఫోన్ చూస్తూనే ఉంటాను, అయినా ఏదో మిస్సవుతున్నానని టెన్షన్. ఎక్కడ మొదలుపెట్టాలి? – ఒక పాఠకురాలు

జవాబు: ముందుగా, ఏదీ డిలీట్ చేయకండి. మీ తమ్ముడు మీ కష్టం చూడలేక అన్నాడు కానీ ఆ సలహా మంచిది కాదు. ఆ 11 వేలలో ఎక్కువ భాగం పనికిరానివే అయ్యుంటాయి. మిగిలిన కొద్దిపాటిలో మాత్రం మీ వ్యాపారం మొత్తం ఉంది. ఎవరు ఏ కొలతలిచ్చారు, ఎంతకు ఒప్పుకున్నారు, అడ్వాన్స్ ఎప్పుడు వేశారు, బట్ట ఏ రేటుకు తెచ్చారు, అన్నీ అక్కడే ఉన్నాయి. ఇల్లు సర్దుతున్నామని పద్దు పుస్తకాలు పారేయం కదా. జీమెయిల్‌లో ట్రాష్‌లోకి వెళ్లిన మెయిల్ 30 రోజుల తర్వాత పూర్తిగా పోతుంది.

పద్దు పుస్తకం అన్న మాట ఊరికే అనలేదు. మీ ఉత్తరం రెండుసార్లు చదివాక నాకు అనిపించింది ఇదే. మెయిల్‌ని మీరు ఫోన్‌కి వచ్చిపోయే మెసేజ్‌లా చూస్తున్నారు. మీలాంటి చిన్న వ్యాపారానికి మెయిలే పద్దు పుస్తకం. ఇచ్చిన మాటా, తీసుకున్న మాటా అందులో రాసి ఉండాలి. కావాల్సినప్పుడు దొరకాలి. వేరేవాళ్ల చేతిలో పడకూడదు. నేను చెప్పేదంతా ఈ మూడింటి గురించే.

ఈ వారంలోనే ఒక గంట తీసుకుని కంప్యూటర్ ముందు కూర్చోండి, ఫోన్‌లో వద్దు. చదవని మెయిళ్లలో 'కొలతలు', 'ఆర్డర్', 'కర్టెన్' లాంటి మాటలు కొట్టి వెతకండి. కస్టమర్లు ఇంగ్లిష్‌లో రాస్తే ఆ మాటలూ వెతకండి. ఆ ఒక్కావిడ మెయిలే కాదు, ఇంకొన్ని కూడా కింద పడి ఉండొచ్చు. దొరికినవాటికి ఎంత ఆలస్యమైనా సరే రెండు లైన్ల జవాబు రాయండి. ఆ తర్వాత గత రెండు నెలలవి మాత్రం ఉంచి, అంతకు ముందువన్నీ ఆర్కైవ్ చేసేయండి. ఆర్కైవ్ చేస్తే అవి ఇన్‌బాక్స్‌లో కనబడవు, అంతే. ఎక్కడికీ పోవు, వెతికితే దొరుకుతాయి. జీమెయిల్‌లో తేదీ పెట్టి పాతవాటిని వెతికి, అన్నీ సెలెక్ట్ చేసినప్పుడు మొదట ఆ పేజీలో ఉన్నవే ఎంపికవుతాయి. ఆ వెతుకులాటలో వచ్చినవన్నీ ఎంచుకోమనే చిన్న లింకు పైన కనబడుతుంది, దాన్ని నొక్కాలి. ఇది తెలియక చాలామంది పేజీ తర్వాత పేజీ చేసుకుంటూ పోయి మధ్యలో వదిలేస్తారు.

రెండో పని, వ్యాపారానికి వేరే మెయిల్ ఐడీ. ఉచితంగా వచ్చేదైనా ఫర్వాలేదు, ఈ రోజే తెరవండి. మీ వ్యాపారం పేరు అందులో ఉండేలా, ఫోన్‌లో చెప్పినా అవతలివాళ్లు తప్పు లేకుండా రాసుకునేలా పేరు పెట్టండి. అంకెలు, అండర్‌స్కోర్లు వద్దు. ఆ ఐడీ కస్టమర్లకి, బట్ట సరఫరా చేసేవాళ్లకి, బ్యాంకుకి తప్ప ఇంకెవరికీ ఇవ్వకండి. ఆన్‌లైన్ షాపింగ్‌కి, ఆఫర్లకి, యాప్‌లకి మీ పాత ఐడీనే వాడుకోండి. ఇన్‌బాక్స్‌లో వచ్చే ప్రతి మెయిలూ పనికొచ్చేదే అని తెలిస్తే మీ కన్ను దేన్నీ దాటేసి పోదు. 11 వేలు పేరుకుపోవడానికి కారణం మీ బద్ధకం కాదు. పది మెయిళ్లలో తొమ్మిది పనికిరానివైనప్పుడు ఎవరి కళ్లైనా దాటేయడానికి అలవాటు పడిపోతాయి.

పాత ఐడీకి కస్టమర్లు ఇంకొంతకాలం రాస్తూనే ఉంటారు. జవాబు మాత్రం కొత్త ఐడీ నుంచే ఇవ్వండి, 'ఇక నుంచి ఇక్కడికి రాయండి' అని ఒక లైను చేర్చండి. పాతదాన్ని మూసేయకండి, కనీసం ఏడాది పాటు రోజుకోసారి చూడండి. ఏ గూగుల్ ఖాతానైనా రెండేళ్లపాటు అసలు తెరవకుండా వదిలేస్తే గూగుల్ దాన్ని తొలగించవచ్చు, 2023 డిసెంబర్ నుంచి ఆ పద్ధతి అమల్లో ఉంది.

మీవారు చెప్పిన సొంత డొమైన్, అంటే మెయిల్ ఐడీలో @ గుర్తు తర్వాత మీ వ్యాపారం పేరే ఉండేలా కొనుక్కునే పేరు, మంచి ఆలోచనే. కాకపోతే అది రెండో మెట్టు. కొత్త ఐడీతో రెండు మూడు నెలలు గడిచాక తీసుకోండి. చూడటానికి పెద్ద సంస్థలా కనబడటం అందులో చిన్న లాభం. అసలు లాభం వేరే ఉంది. ఈ రోజు ఒక కంపెనీ మెయిల్ సర్వీసు వాడుతూ, రేపు నచ్చకపోతే ఇంకో దానికి మారినా మీ చిరునామా మారదు, ఎందుకంటే అది మీ సొంతం. నిజంగా మీ సొంతం కావాలంటే డొమైన్ మీ పేరు మీద, మీ ఫోన్ నంబర్‌తో రిజిస్టర్ అవ్వాలి. వెబ్‌సైట్ చేసిపెట్టేవాళ్లు 'మేమే కొనేస్తాం, మీకెందుకు శ్రమ' అంటారు. ఆ శ్రమ మీరే పడండి. రెన్యూవల్ కూడా దానంతటదే జరిగేలా పెట్టుకోండి. డొమైన్ గడువు దాటిపోతే మెయిళ్లు ఆగిపోతాయి. అంతకంటే ప్రమాదం, ఇంకెవరైనా దాన్ని కొనుక్కుంటే మీకు రావాల్సిన మెయిళ్లు, పాస్‌వర్డ్ మార్చుకునే లింకులతో సహా, వాళ్లకి వెళ్లిపోతాయి.

డొమైన్ తీసుకున్నాక ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అనే మూడు సెట్టింగులు పెట్టించుకోండి. పేర్లు చూసి కంగారు పడొద్దు. ఇప్పటికీ మెయిళ్లు వెళ్లే పద్ధతికి 1982లో నియమాలు రాసినప్పుడు, పంపినవాళ్లు నిజంగా వాళ్లేనా అని తేల్చే ఏర్పాటు అందులో లేదు. కవరు మీద 'నుంచి' అన్నచోట ఎవరి పేరైనా రాసేయొచ్చు కదా, మెయిల్‌లోనూ అంతే. ఆ లోటు తీర్చడానికే తర్వాత ఈ మూడూ వచ్చాయి. మీ డొమైన్ పేరుతో ఏయే సర్వర్లు (మెయిళ్లు పంపే, అందుకునే కంప్యూటర్లు) మెయిల్ పంపొచ్చో చెప్పే జాబితా ఎస్‌పీఎఫ్. దారిలో ఎవరూ మార్చలేదని చూపే ముద్ర డీకిమ్. ఈ రెండూ సరిపోలని మెయిల్‌ని ఏం చేయాలో అవతలి సర్వరుకి చెప్పేది డీమార్క్. 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, యాహూ ఈ విషయంలో గట్టిగా ఉన్నాయి. రోజుకు 5 వేలకు మించి పంపేవాళ్లకు మూడూ తప్పనిసరి. మీలా కొద్దిగా పంపేవాళ్లకు మొదటి రెండింటిలో కనీసం ఒకటి ఉండాలి. లేకపోతే మీ బిల్లు కస్టమర్ స్పామ్‌లో పడి ఉంటుంది, డబ్బులు ఎందుకు వేయలేదా అని మీరు ఎదురుచూస్తుంటారు. మెయిల్ సర్వీసు ఇచ్చేవాళ్లని అడిగితే ఎలా పెట్టాలో చూపిస్తారు.

ఇక నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించే సంగతి, రాతపూర్వకంగా ఒప్పుకోవడం. నేను కొన్నేళ్లు చిన్న ప్రింటింగ్ పని నడిపాను. ఒకసారి ఒక సంస్థకు 500 బ్రోషర్లు వేశాం. డిజైన్ మెయిల్‌లో ఖాయమైంది. తర్వాత వాళ్ల మనిషి ఫోన్ చేసి రెండు మార్పులు చెప్పారు. ఒకటి నేను రాసుకున్నాను, రెండోది మర్చిపోయాను. సరుకు వెళ్లాక 'ఫోన్‌లో చెప్పాం కదా' అన్నారు. వాళ్లు చెప్పింది నిజమే. నా దగ్గర రాత లేదు, వాళ్ల దగ్గరా లేదు. 500 కాపీలూ మళ్లీ నా ఖర్చుతో వేశాను. డబ్బు పోయిందన్న బాధ కొన్నాళ్లకి తగ్గింది కానీ ఆ సంస్థ మళ్లీ మా దగ్గరికి రాలేదు. ఆ తర్వాత ఏ ఫోన్ మాట అయినా పెట్టేసిన వెంటనే మూడు లైన్ల మెయిల్ పంపడం అలవాటు చేసుకున్నాను. ఆ అలవాటు నన్ను ఎన్నిసార్లు కాపాడిందో లెక్కలేదు.

మీ పనిలో ఇది ఇంకా అవసరం, ఎందుకంటే మీది కొలతల పని. ఒకరు అంగుళాల్లో చెప్తారు, ఇంకొకరు సెంటీమీటర్లలో. ఒకరు వెడల్పు ముందు చెప్తారు, ఇంకొకరు పొడవు. కొందరు కిటికీ కొలత ఇస్తారు, కొందరు కర్టెన్ ఎంత ఉండాలో ఇస్తారు. ఒకసారి బట్ట కత్తిరించాక వెనక్కి తీసుకునేది లేదు. అందుకే ఆర్డర్ ఖాయమైన వెంటనే ఇలా ఒక మెయిల్ పంపండి:

'నమస్తే అండి. మన మాట ప్రకారం మీ ఆర్డర్ ఇది. హాలు కిటికీలకు కర్టెన్లు 4. తయారైన కర్టెన్ వెడల్పు 54 అంగుళాలు, పొడవు 84 అంగుళాలు. బట్ట మీరు ఎంచుకున్న 3వ శాంపిల్. మొత్తం ధర, అడ్వాన్స్, మిగిలింది కింద రాశాను. 20వ తేదీకి పంపుతాను. ఇందులో ఏదైనా తేడా ఉంటే చెప్పండి. మీరు సరే అన్నాకే బట్ట కత్తిరిస్తాం.'

ఆ చివరి వాక్యం వదలొద్దు. కస్టమర్ దాన్ని చూశాకే కొలతలు మళ్లీ ఒకసారి చూసుకుంటారు. 'సరే' అని వాళ్లు పంపే ఒక్క మాట రేపు ఇద్దరికీ రక్షణ. కొలతలు ఫొటోలోనో, వాయిస్ మెసేజ్‌లోనో పంపితే మీరు వాటిని అక్షరాల్లో టైప్ చేసి తిరిగి పంపండి. చేతిరాతలో ఒకటి ఏడులా కనబడొచ్చు.

సబ్జెక్ట్ లైన్‌లో 'నమస్తే' అనో, 'వివరాలు' అనో రాయకండి. ఆర్డర్ నంబర్, వస్తువు, కస్టమర్ పేరు రాయండి. ఒక ఆర్డర్‌కి సంబంధించిన మాటలన్నీ అదే మెయిల్ కింద నడవాలి. అదే కస్టమర్ ఏడాది తర్వాత ఆ పాత మెయిల్‌కే రిప్లై కొట్టి కొత్త సోఫా కవర్లు అడుగుతారు. అప్పుడు మీరు కొత్త సబ్జెక్ట్‌తో కొత్త మెయిల్ మొదలుపెట్టండి. లేకపోతే పాత కొలతలూ కొత్త కొలతలూ ఒకే చోట కలిసిపోయి, కుట్టే మనిషికి ఏది చూడాలో తెలియదు. ఇంత చేస్తే ఫోల్డర్లు, రంగురంగుల లేబుళ్లు పెద్దగా అవసరం లేదు. వెతికితే దొరుకుతుంది. 'జవాబు ఇవ్వాలి', 'కస్టమర్ జవాబు కోసం చూస్తున్నా' అని రెండే లేబుళ్లు పెట్టుకోండి.

ఫొటోలు పంపేటప్పుడు సైజు తగ్గించి పంపండి. జీమెయిల్‌లో ఒక మెయిల్‌కి 25 ఎంబీ పరిమితి. పైగా ఫైళ్లు మెయిల్‌లో వెళ్లేటప్పుడు దాదాపు మూడో వంతు పెరుగుతాయి.

60 మంది సంగతికొస్తాను. కోప్పడిన కస్టమర్‌ది న్యాయమైన కోపం. ఆవిడ మీకు ఐడీ ఇచ్చింది కర్టెన్ల కోసం. అది 59 మంది కొత్తవాళ్ల చేతికి వెళ్లింది. ఆవిడకు విడిగా రాసి క్షమాపణ చెప్పండి, కారణాలు వద్దు. మిగతావాళ్లకి కూడా చిన్న మెయిల్ పంపండి, ఈసారి సరిగ్గా పంపండి. 'టు' దగ్గర మీ సొంత ఐడీ పెట్టి, మిగతా అన్నీ బీసీసీలో పెట్టాలి. సీసీ అంటే కార్బన్ కాపీ, టైప్‌రైటర్ కాలం నాటి మాట. అందులో పెట్టిన పేర్లు అందరికీ కనబడతాయి. బీసీసీలో పెట్టినవి ఎవరికీ కనబడవు. పంపాక పొరపాటు గుర్తొస్తే వెనక్కి తీసుకునే సదుపాయం జీమెయిల్‌లో ఉంది, సెట్టింగుల్లో దాన్ని 30 సెకన్లకి పెంచుకోండి. అంతకంటే ఎక్కువ ఉండదు.

దానికంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఇంకొకటి ఉంది. ఆ 60 మందిలో కొత్త డిజైన్లు చూపించమని ఎందరు అడిగారు? 1978 మే నెలలో, ఇంటర్నెట్‌కి ముందున్న ఆర్పానెట్‌లో గ్యారీ థ్యూర్క్ అనే మార్కెటింగ్ ఉద్యోగి తమ కంపెనీ కంప్యూటర్ల గురించి దాదాపు 400 మందికి ఒకే ప్రకటన పంపాడు. మొదటి స్పామ్‌గా చెప్పుకునేది దాన్నే. కొన్ని అమ్మకాలు జరిగాయి, అంతకంటే గట్టిగా కోపాలూ వచ్చాయి. అడగకుండా వచ్చిన ప్రకటన మీద జనానికి అప్పుడున్న కోపమే ఇప్పుడూ ఉంది. ఇప్పుడు వాళ్ల చేతిలో 'స్పామ్' అనే బటన్ కూడా ఉంది. పదిమంది దాన్ని నొక్కితే మీ ప్రకటనలతో పాటు మీ బిల్లులు కూడా స్పామ్‌లోకి వెళ్లడం మొదలవుతుంది. కాబట్టి ఆర్డర్ పూర్తయ్యాక 'కొత్త డిజైన్లు వస్తే పంపమంటారా?' అని అడగండి. అవునన్నవాళ్లకే పంపండి. వద్దంటే ఎలా చెప్పాలో ప్రతి మెయిల్ చివరా రాయండి. ఆ జాబితా వందలు దాటితే, వద్దన్నవాళ్లని దానంతటదే తీసేసే మెయిలింగ్ సర్వీసుకి మారండి. మామూలు ఉచిత జీమెయిల్ ఖాతాకి రోజుకు 500 మందికి మించి పంపడం ఎలాగూ కుదరదు.

రోజంతా ఫోన్ చూస్తున్నానన్నారు. మీ టెన్షన్ అక్కడే పుడుతోంది. కుట్టు మధ్యలో ఫోన్ మోగుతుంది, మెయిల్ తెరుస్తారు, 'సాయంత్రం రాద్దాం' అనుకుంటారు. తెరిచారు కాబట్టి అది చదివినదాని కింద లెక్క. సాయంత్రానికి దాని మీద ఇంకో ఇరవై పడతాయి. జవాబు రాసే తీరిక ఉన్నప్పుడే మెయిల్ తెరవండి. పొరపాటున తెరిస్తే మళ్లీ 'అన్‌రీడ్' చేసి పెట్టండి. నోటిఫికేషన్లు ఆపేసి, పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం ఒకసారి కూర్చోండి. కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయం పరిశోధకులు 2015లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, రోజుకు మూడుసార్లే మెయిల్ చూసిన వారంలో జనం తక్కువ ఒత్తిడిగా ఉన్నారని తేలింది. కర్టెన్లు అడిగినవాళ్లు ఐదు నిమిషాల్లో జవాబు ఆశించరు. మెయిల్ అందిందో లేదో తెలియకపోతేనే వాళ్లకి కష్టం. పూర్తి జవాబు సిద్ధంగా లేకపోయినా 'మీ మెయిల్ అందింది. గురువారం సాయంత్రంలోగా రేటు చెప్తాను' అని రాయండి. గురువారం సాయంత్రం రేటు సిద్ధం కాకపోతే, కాలేదని ఆ సాయంత్రమే రాయండి.

మీరు అడగకపోయినా డబ్బు గురించి చెప్పాలి. బట్ట సరఫరా చేసేవాళ్ల నుంచి ఎప్పుడైనా 'మా బ్యాంకు ఖాతా మారింది, ఈసారి డబ్బు కొత్త ఖాతాలో వేయండి' అని మెయిల్ వస్తే, డబ్బు వేయకుండా ఆగండి. మెయిల్ వాళ్ల సొంత ఐడీ నుంచి వచ్చినా, పాత ఇన్‌వాయిస్ నంబర్లు సరిగ్గా ఉన్నా ఆగండి. మోసగాళ్లు ముందు ఎవరిదో ఒకరి మెయిల్‌లోకి దూరతారు. చడీచప్పుడు లేకుండా వారాల తరబడి చదువుతారు. మీ బాకీ ఎంతో, ఎప్పుడు కడతారో తెలుసుకుని సరిగ్గా ఆ రోజు రాస్తారు. అందుకే ఆ మెయిల్‌లో వేలెత్తి చూపడానికి తప్పేమీ ఉండదు. చేయాల్సింది ఒక్కటే. మీ దగ్గర ముందునుంచీ ఉన్న నంబర్‌కి ఫోన్ చేసి, తెలిసిన గొంతుతో మాట్లాడి ఖాయం చేసుకోండి. ఆ మెయిల్‌లో ఇచ్చిన నంబర్‌కి మాత్రం చేయొద్దు. ఫోన్ మాటను మెయిల్‌లో రాసుకోమన్నాను కదా, ఈ ఒక్కచోట మాత్రం మెయిల్ మాటను ఫోన్‌లో తేల్చుకోవాలి. మీ బిల్లుల కింద కూడా 'మా బ్యాంకు ఖాతా మార్పును మేం మెయిల్‌లో చెప్పం' అని అచ్చు వేయించండి.

మీ ఖాతాకి టూ స్టెప్ వెరిఫికేషన్, అంటే పాస్‌వర్డ్ కొట్టాక మీరేనా అని ఫోన్‌లో ఇంకోసారి అడిగే ఏర్పాటు, ఈ రోజే పెట్టుకోండి. ఇంకెక్కడా వాడని పాస్‌వర్డ్ పెట్టండి. రికవరీ కోసం ఇచ్చిన ఫోన్ నంబర్ ఇప్పుడు మీరు వాడుతున్నదేనా అని చూసుకోండి. నెలకోసారి సెట్టింగుల్లో ఫార్వర్డింగ్, ఫిల్టర్లు తెరవండి. మీరు పెట్టని ఐడీకి మెయిళ్లు వెళ్తున్నట్టు కనబడితే ఎవరో లోపల ఉన్నారన్నమాట. వెంటనే దాన్ని తీసేసి పాస్‌వర్డ్ మార్చి, అన్ని డివైజ్‌ల నుంచి లాగౌట్ చేయండి. మీ దగ్గర పనిచేసే ఇద్దరికీ పాస్‌వర్డ్ ఇవ్వాల్సిన పని లేదు. వాళ్లకి కావాల్సింది ఖాయమైన ఆర్డర్ మెయిలే, దాన్ని ప్రింట్ తీసి బట్టతో పాటు ఇవ్వండి.

చివరగా, మూడు వారాలు ఎదురుచూసిన ఆవిడ. ఆమెకు మీరు ఇంకా జవాబు రాయలేదని మీ ఉత్తరం చూస్తే అనిపించింది. సిగ్గుపడి వదిలేయకండి. కొత్త ఐడీ నుంచి మొదటి మెయిల్ ఆమెకే వెళ్లనివ్వండి. 'మీరు కొలతలు పంపిన మెయిల్ నేను చూసుకోలేదు. మీరు ఎదురుచూసి ఉంటారు, క్షమించండి. కర్టెన్లు చేయించుకున్నారని తెలిసింది. ఇకపై ఆర్డర్లకి ఈ ఐడీ విడిగా పెట్టాను' అని రాస్తే చాలు. కొత్త ఆర్డర్ అడగొద్దు, డిస్కౌంట్ ఇస్తాననొద్దు, ఫొటోలు జత చేయొద్దు.